గాలి కబురును గ్రహించుట

ఒడిశాలోని గంజాం జిల్లా తీరమున, గోపాలపురము మొదలగు చోట్ల, తెలుగు మాటాడు జాలరి కుటుంబములు తరతరములుగా నివసించుచున్నవి. వాతావరణ సూచనలు వారికి ఒడియాలోనో, ఆంగ్లములోనో అందును. వానిని చదివి పెద్దలకు తెలుగున చెప్పువారు తరచుగా బడిపిల్లలే. చెప్పుటలో ఒక్క మాట తారుమారైనను కీడు కలుగవచ్చును. కావున ఆ మాటల అర్థమును మనము చక్కగా తెలిసికొనవలెను.

మొదటిది దిక్కు. గాలికి పేరు అది వచ్చెడు దిక్కును బట్టి కలుగును గాని, పోయెడు దిక్కును బట్టి కాదు. నైరృతి ఋతుపవనములు నైరృతి మూలనుండి వచ్చును గదా! అట్లే తూర్పు గాలి యనగా తూర్పునుండి పడమరకు వీచునది. గంజాం తీరమున తూర్పు గాలి పడవను ఒడ్డునకు నెట్టును. పడమటి గాలి నడిసముద్రమునకు ఈడ్చుకొనిపోవును. ఈ భేదము నెరుగక చెప్పినచో ఫలము విపరీతమగును.

రెండవది వేగము. “గంటకు 45 మొదలు 55 కిలోమీటర్లు, విసురు 65” అని సూచన వచ్చిన దనుకొందము. మొదటి అంకెలు సగటు వేగమును దెలుపును. మన వాతావరణశాఖ 3 నిమిషముల సగటును లెక్కించును. విసురనగా నడుమ నడుమ కొన్ని క్షణములు మాత్రము హెచ్చుగా కొట్టెడు గాలి. గాలి త్రోపుడు వేగము యొక్క వర్గమును బట్టి పెరుగును. వేగము రెట్టింపైన త్రోపుడు నాలుగు రెట్లగును. 45 కిలోమీటర్ల గాలికంటె 65 కిలోమీటర్ల విసురు రెండు రెట్లకు మించిన బలముతో తాకును. పడవను బోల్తా కొట్టించునది తరచుగా ఈ విసురే. కావున పెద్దలకు చెప్పునపుడు చివరి అంకెను విడువరాదు. వేగమును నాట్లలో చెప్పినచో, 1 నాటు 1.852 కిలోమీటర్లని గుణించుకొనవలెను.

మూడవది స్థలము. సూచన జిల్లాకో, తీరమంతటికో వర్తించును. ఒక్క గ్రామమునకు కాదు. సరుగుడు తోట వెనుకనున్న వీధిలో గాలి మందముగా నుండవచ్చును. అదే సమయమున బయలు తీరమున ఉధృతముగా వీచవచ్చును. చెట్లను చూచి వేగమును కొంతవరకు ఊహింపవచ్చును. ఆకులు గలగలలాడిన గంటకు 6 మొదలు 11 కిలోమీటర్లు. దుమ్ము లేచి చిన్న కొమ్మలు కదలిన 20 మొదలు 28. పెద్ద కొమ్మలు ఊగిన 39 మొదలు 49 కిలోమీటర్లు.

తుపాను సమయమున మరియొక సూత్రము ఉపయోగపడును. గాలికి వీపు పెట్టి నిలుచుండిన, అల్పపీడనము మన ఎడమచేతి వైపున, కొంచెము ముందునకు ఉండును. ఉత్తరపు గాలి వీచిన అది తూర్పున, అనగా సముద్రముపై ఉన్నదని ఊహింపవచ్చును. ప్రతిదినము పగలు వీచు సముద్రపు గాలికి ఈ సూత్రము వర్తింపదు. తుపాను కన్ను గ్రామము మీదుగా పోవునపుడు గాలి ఒక్కసారిగా అణగును. అది శాంతి కాదు; కొంతసేపటికే ఎదురు దిక్కునుండి ప్రచండమైన గాలి వచ్చును. అపుడు బయటికి రారాదు.

1999 అక్టోబరు 29వ తేదీన ఒడిశాను తాకిన పెనుతుపానులో సుమారు 10,000 మంది మరణించిరి. 2013 అక్టోబరు 12వ తేదీ రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపురము చెంతనే గంటకు సుమారు 200 కిలోమీటర్ల గాలితో తీరము దాటెను. అయినను మరణములు కొన్ని పదులకు మించలేదు. ముందుగా సూచన వచ్చుట, దానిని విని లక్షలాది జనులు తీరమును విడిచిపోవుట ఇందుకు ముఖ్య కారణములు.

విద్యార్థులారా! బడి ఆవరణమున బయలుచోట ఒక కఱ్ఱకు గుడ్డ పేలిక కట్టుడు. దినమునకు రెండు సారులు గాలి దిక్కును, చెట్ల కదలికను వ్రాసి, ప్రక్కనే ఆనాటి సూచనను వ్రాయుడు. ఒక మాసము గడచునప్పటికి సూచనకును మీ గ్రామపు గాలికిని గల తేడా మీకే తెలియును. కాని సముద్రమునకు పోరాదను హెచ్చరిక వచ్చిన దినమున, ఊరిలో ఆకు కదలకున్నను, ఆ హెచ్చరికనే పాటింపవలెను.