‘బలం మందు’ అంటే ఏమిటి? ఆటల మాటలు – మన ఇంటి మందులు

రోగితో పాటు ఆసుపత్రికి వచ్చిన కుటుంబ సభ్యులారా,

మీ ఇంట్లో ఒకరు ఇక్కడ వైద్యం పొందుతూ ఉండవచ్చు. అదే ఇంట్లో ఇంకొకరు కబడ్డీ ఆడుతూనో, కానిస్టేబుల్ సెలక్షన్ల కోసం తెల్లవారుజామున 1600 మీటర్ల పరుగు సాధన చేస్తూనో, హిందూపురంలో జిమ్‌కు వెళుతూనో ఉండవచ్చు. ఇద్దరి మందులూ ఒకే గూటిలో, ఒకే కవరులో ఉంటాయి. ఆటల్లో మందుల గురించి జనం మాట్లాడే మాటలు కొన్ని భయపెడతాయి, కొన్ని మభ్యపెడతాయి. భయపెట్టే మాట విని కొందరు అవసరమైన మందు మానేస్తారు. మభ్యపెట్టే మాట విని కొందరు ప్రమాదకరమైన మందు వాడతారు. అందుకే ఈ పాఠంలో అటువంటి మాటలను ఒక్కొక్కటిగా తెలుసుకుందాం.

1. మందు

తెలుగులో ఈ ఒక్క మాటకు ఎన్ని అర్థాలో చూడండి. జ్వరానికి వేసుకునేది మందు. వేరుశనగ చేనుకు కొట్టేది మందు. సీసాలో పోసుకుని తాగేదీ మందే. కాబట్టి “మా వాడు ఏదో మందు వాడుతున్నాడు” అంటే డాక్టరుకు ఏమీ తెలియదు. మందు రంగు, కంపెనీ పేరు, ఇచ్చిన మనిషి పేరు చెప్పినా చాలదు. డబ్బా మీద చిన్న అక్షరాలలో ఉండే అసలు రసాయనం పేరే మందుకు గుర్తింపు. ఈ పాఠంలో ముఖ్యంగా గుర్తుంచుకోవలసిన సంగతి ఇదే.

2. ఉత్ప్రేరకం

మన దినపత్రికలు ఆటగాళ్ళు వాడే నిషేధిత మందులను ‘ఉత్ప్రేరకాలు’ అని రాస్తాయి. పదవ తరగతి రసాయన శాస్త్రంలో ఉత్ప్రేరకం అంటే చర్యను వేగవంతం చేసి, తాను మాత్రం మారకుండా మిగిలే పదార్థం. పిల్లలు ఇదే అర్థం మనసులో పెట్టుకుంటే, ఈ మందులు ఊరికే వేగం పెంచి వెళ్ళిపోతాయని అనుకుంటారు. అది నిజం కాదు. కండ పెంచే అనబాలిక్ స్టెరాయిడ్లు కాలేయాన్ని, గుండెను దెబ్బతీస్తాయి, రక్తపోటును పెంచుతాయి. మగవారిలో వృషణాలు కుంచించుకుపోయి, వీర్యకణాలు తగ్గి, రొమ్ములు పెరగవచ్చు. ఆడపిల్లల్లో నెలసరి తప్పుతుంది, గొంతు మగగొంతుగా మారుతుంది. మందు మానినా ఆ గొంతు మళ్ళీ మునుపటిలా రాకపోవచ్చు. ఎదిగే వయసు పిల్లల్లో ఎముకల ఎదుగుదల ముందే ఆగిపోయి ఎత్తు తగ్గిపోవచ్చు.

3. స్టెరాయిడ్

అన్నింటికంటే ఎక్కువ గందరగోళం ఈ మాట వల్లనే. పేరు ఒకటే అయినా మందులు రెండు రకాలు.

మొదటి రకం: అనబాలిక్ స్టెరాయిడ్లు. టెస్టోస్టిరోన్, స్టానోజోలాల్, నాండ్రొలోన్ వంటివి. ఇవి కండ పెంచేవి. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో కెనడా పరుగు వీరుడు బెన్ జాన్సన్ బంగారు పతకం పోగొట్టుకున్నది స్టానోజోలాల్ వల్లనే.

రెండవ రకం: కార్టికోస్టెరాయిడ్లు. ప్రెడ్నిసొలోన్, డెక్సామెథసోన్, ఉబ్బసానికి పీల్చే బ్యుడెసొనైడ్ వంటివి. వాపును తగ్గించడం వీటి పని. ఇవి కండ పెంచవు. అవసరం లేకుండా చాలా కాలం వాడితే కండను, ఎముకను బలహీనపరుస్తాయి. “ఈ మాత్రలతో ఒళ్ళు వచ్చింది” అని సంతోషపడేవారు ఉన్నారు. అది చాలావరకు నీరు, కొవ్వు మాత్రమే.

పేపర్లో ‘స్టెరాయిడ్లతో పట్టుబడిన ఆటగాడు’ అని చదివి, తమ బిడ్డ ఉబ్బసం ఇన్హేలరును ఆపివేసే తల్లిదండ్రులు ఉంటారు. మూత్రంలో ప్రోటీను పోయి ఒళ్ళు వాచే కిడ్నీ జబ్బుకు ఇచ్చిన ప్రెడ్నిసొలోన్‌ను మధ్యలో మానిపించేవారూ ఉంటారు. దయచేసి అలా చేయవద్దు. కొన్ని వారాలు వాడిన ఈ మాత్రలను ఒక్కసారిగా ఆపితే వాంతులు, విపరీతమైన నీరసం కలిగి, రక్తపోటు పడిపోయి ప్రాణాపాయం రావచ్చు. డాక్టరు చెప్పినట్లు మెల్లగా తగ్గించాలి.

4. సప్లిమెంటు, పౌడరు, కోర్సు, బలం సూది

ఇవి వినడానికి మెత్తటి మాటలు. జిమ్‌లో “ఒక కోర్సు వేసుకో” అంటారు. టి.బి.కి డాక్టరు చెప్పిన కోర్సు లాంటిదే కాబోలు అనిపిస్తుంది. కాని అక్కడ ఆ మాటకు అర్థం చాలాసార్లు కొన్ని వారాల పాటు స్టెరాయిడ్ సూదులు వేసుకోవడమే. ఊళ్ళో వేసే ‘బలం సూది’లో బి-కాంప్లెక్స్ ఉండవచ్చు, డెక్సామెథసోన్ ఉండవచ్చు, నాండ్రొలోన్ కూడా ఉండవచ్చు. పేరు చూస్తే తేడా తెలియదు.

మెత్తటి మాటలతో కప్పిపుచ్చడం కొత్త కాదు. తూర్పు జర్మనీలో 1974 నుండి ప్రభుత్వమే రహస్యంగా క్రీడాకారులకు స్టెరాయిడ్లు ఇప్పించింది. కాగితాల మీద వాటి పేరు ‘సహాయక సాధనాలు’. చిన్న వయసు ఈతగత్తెలకు ఆ నీలి మాత్రలు విటమిన్లని చెప్పారు. ఎన్నో ఏళ్ళకు వారిలో చాలామంది అనారోగ్యంతో బాధపడ్డారు.

మన పక్క రాష్ట్రం కర్ణాటకకు చెందిన అశ్విని అక్కుంజి 2010లో కామన్వెల్త్ క్రీడల్లోను, ఆసియా క్రీడల్లోను బంగారు పతకాలు గెలిచింది. 2011లో ఆమెతో పాటు పలువురు భారత పరుగు క్రీడాకారిణులు అనబాలిక్ స్టెరాయిడ్ల పరీక్షలో పట్టుబడ్డారు. కోచ్ ఇచ్చిన జిన్సెంగ్ అనే మూలిక మాత్రల వల్లనే ఇలా జరిగిందని వారు చెప్పారు. అయినా వారిపై నిషేధం తప్పలేదు. ‘మూలిక’, ‘సహజమైనది’ అన్న మాటలు డబ్బాలోని పదార్థానికి హామీ కావు.

5. ఇంట్లో ఉన్న మందు

ఇంట్లో పెద్దవారికి రాసిన మందు ఆటగాడి నోట్లో పడినా చిక్కే. 2003 ప్రపంచ కప్ క్రికెట్ మొదలయ్యే వేళ ఆస్ట్రేలియా బౌలర్ షేన్ వార్న్ ఇంటికి తిరిగి వెళ్ళవలసి వచ్చింది. సన్నగా కనబడడానికి తన తల్లి ఇచ్చిన మాత్ర వేసుకున్నానని అతడు చెప్పాడు. అది మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మందు. అతనిపై ఏడాది నిషేధం పడింది. ఇటువంటి మందులు మూత్రాన్ని పలుచన చేసి ఇతర మందుల ఆనవాళ్ళను కప్పివేయగలవు, బరువునూ తగ్గించగలవు. అందుకే అవి నిషేధం. గుండె, కిడ్నీ రోగులకు మనం ఇచ్చే ఫ్యూరోసెమైడ్ మాత్ర కూడా ఈ జాబితాలోనిదే. రోగికి ఆ మాత్ర ప్రాణాధారం. ఆటగాడికి అదే మాత్ర నిషేధ పదార్థం.

2019లో మన దేశపు బ్యాట్స్‌మన్ పృథ్వీ షా దగ్గు మందు తాగి ఎనిమిది నెలల నిషేధానికి గురయ్యాడు. అందులో టెర్బుటలిన్ ఉంది. మందుల షాపుల్లో దొరికే చాలా దగ్గు సిరప్‌లలో ఇది ఉంటుంది.

6. పాజిటివ్, దొంగ

మామూలు మాటల్లో పాజిటివ్ అంటే మంచిది. ల్యాబ్ రిపోర్టులో ‘పాజిటివ్’ అంటే వెదికిన పదార్థం కనబడింది అని మాత్రమే. అది ఎలా వచ్చిందో, ఎందుకు వచ్చిందో రిపోర్టు చెప్పదు. అయితే క్రీడా నియమాల ప్రకారం ఒంట్లో ఏది కనబడినా బాధ్యత ఆటగాడిదే. తెలియక జరిగిందని రుజువైతే శిక్ష తగ్గవచ్చు.

ఊళ్ళో మాత్రం వెంటనే ‘దొరికిపోయాడు’, ‘దొంగ’ అంటారు. ఆ మాటలకు భయపడి పిల్లలు తాము వాడుతున్నది దాచిపెడతారు. ఆపరేషన్ ముందు “ఏమైనా మందులు వాడుతున్నారా?” అని అడిగితే “ఏమీ లేదు, పౌడరే” అంటారు. మత్తు ఇచ్చే డాక్టరుకు నిజం తెలియకపోతే ప్రమాదం రోగికే. ఇంట్లో కోపంగా నిలదీయకుండా, నెమ్మదిగా అడగండి. ఇక్కడ డాక్టర్లు అడిగేది శిక్షించడానికి కాదు, వైద్యం సరిగా చేయడానికి.

మీరు చేయవలసినవి

• ఆసుపత్రికి వచ్చేటప్పుడు మాత్రలు, సూదులు, పౌడరు డబ్బాలు అన్నీ తీసుకురండి. ఆయుర్వేదం మందులు కూడా తెండి.
• సూది వేయించుకునే ముందు “దీనిలో ఏముంది?” అని అడగండి. పేరు చీటీ మీద రాయించుకోండి. రాసి ఇవ్వనివారి దగ్గర సూది వేయించుకోవద్దు.
• మీ బిడ్డ పోటీల్లో ఆడుతుంటే ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పండి. సరిపడే వేరే మందు ఉంటే అది రాస్తారు.
• ఇన్సులిన్ వంటి మందు తప్పనిసరైతే భయపడవద్దు. వైద్య అవసరం కోసం ముందుగా అనుమతి తీసుకునే పద్ధతి ఉంది. ఇందుకు జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ ‘నాడా’కు దరఖాస్తు చేయాలి.
• నిషేధిత జాబితా ప్రతి సంవత్సరం జనవరి 1న మారుతుంది. నాడా వారి ‘నో యువర్ మెడిసిన్’ మొబైల్ యాప్‌లో మందు పేరు వెదికి చూడవచ్చు.
• ఒకరి మందు ఇంకొకరికి ఇవ్వవద్దు. పెద్దవారి మాత్రలు వేరే డబ్బాలో పెట్టండి.
• డాక్టరు రాసిన స్టెరాయిడ్‌ను మీ అంతట మీరు ఆపవద్దు, పెంచవద్దు.

మైదానంలో పిల్లలకు కావలసిన బలం రాగిసంగటి, పప్పు, గుడ్డు, వేరుశనగ, తగినంత నీరు, నిద్ర, క్రమమైన సాధన నుండి వస్తుంది. ఇంకా సందేహం ఉంటే వార్డులోని సిస్టరును గాని, ఫార్మసీలో గాని అడగండి. డబ్బా చేతిలో పట్టుకుని రండి. పేరు కలిసి చదువుదాం.