నిలిపినంతనే ఆగిపోవు మోటారు సైకిలు

బాటపై చక్కగా పరుగెత్తు మోటారు సైకిలు కూడలియొద్ద యాక్సిలరేటరు వదలినంతనే టక్కున ఆగిపోవుట పలువురెరిగిన సంగతియే. వెనుక లారీ వచ్చుచుండగా మలుపు నడుమ ఇట్లు జరిగెనేని అది ప్రాణాపాయము. ఐనను చాలమంది చేయు చికిత్స యొక్కటే: స్క్రూ బిగించి 'స్లో' పెంచుట. ఇందువలన రోగము దాగునే కాని పోదు; పైగా మొదటి గేరు వేసినప్పుడు బండి కుదుపుతో ముందునకు దూకును. కావున స్క్రూను ముట్టుటకు ముందు చూడవలసినవేవో తెలిసికొందము. ఉదాహరణముగా కార్బురేటరును, పాయింట్లును గల పాత బుల్లెట్ 350 బండిని గ్రహింతము. 2020 ఏప్రిల్‌లో భారత్ స్టేజ్ 6 నియమములు అమలునకు వచ్చిన పిమ్మట క్రొత్త బండ్లలో ఇంజెక్షను పద్ధతి వ్యాపించినను, పాత బుల్లెట్లు మన యూళ్లలో ఇంకను తిరుగుచునే యున్నవి.

లాంతరు వత్తిని మిక్కిలి తగ్గించినప్పుడు చిన్న గాలికే దీపము ఆరిపోవును. నిలిచియున్న బండి యంత్రము స్థితియు అట్టిదే. యాక్సిలరేటరు మూసినప్పుడు కార్బురేటరులోని స్లైడు దాదాపు అడుగునకు దిగును. అప్పుడు పెద్ద జెట్టు పనిచేయదు; పైలట్ జెట్టు అను సన్నని రంధ్రమునుండి వచ్చు కొద్దిపాటి పెట్రోలే ఆధారము. నాలుగు స్ట్రోకుల యంత్రమున రెండు చుట్లకొక పర్యాయము మాత్రమే మంట పుట్టును. నిమిషమునకు 900 చుట్లు తిరుగునప్పుడు మంటలు 450 మాత్రమే. సిలిండరు ఒక్కటే యగుటచే, ఒక మంట తప్పినచో ఆదుకొనుటకు ఫ్లైవీలు బరువు తప్ప వేరు దిక్కు లేదు. అందుచేతనే వేగముగా పోవునప్పుడు తెలియని లోపము ఇచ్చట బయటపడును.

వైద్యుడు నాడి చూచుటకు ముందు ప్రశ్నించునట్లు, బండి యెప్పుడు ఆగుచున్నదని ముందుగా విచారింపవలయును. ఉదయము చల్లగానున్నప్పుడు ఆగి, వేడెక్కిన పిదప సరియగునేని చోకును తొందరపడి తీయుట కారణము కావచ్చును. గేరు వేసి క్లచ్ పట్టియుండగనే ఆగునేని క్లచ్ పూర్తిగా విడుట లేదని యనుమానింపవలయును. అట్టిచో కార్బురేటరును విప్పుట వృథాశ్రమ. కొంత దూరము పోయి ఆగి, ట్యాంకు మూత తెరచినంతనే బయలుదేరునేని మూతలోని గాలి రంధ్రము పూడినదన్నమాట.

తరువాత నిప్పురవ్వను చూడవలయును. పాయింట్లు పూర్తిగా తెరచుకొన్నప్పుడు వాని ఎడము 0.35 నుండి 0.40 మిల్లీమీటర్ల వరకు ఉండవలయును. పాయింట్లు కాలి గుంటలు పడినచో కండెన్సరును గూడ శంకింపవలెను. ట్యాపెట్లను యంత్రము చల్లగానున్నప్పుడే చూడవలయును: పిస్టను కంప్రెషను పైభాగముననుండగా పుష్ రాడ్డు వ్రేళ్లతో త్రిప్పిన తిరుగవలెను గాని పైకి క్రిందికి కదలరాదు. అధికముగా బిగించినచో వాల్వు పూర్తిగా మూసికొనదు, కంప్రెషను కారిపోవును. అట్టి బండికి ఎన్ని కార్బురేటర్లు మార్చినను ప్రయోజనము లేదు. ఈ విషయమున పెక్కుమంది ధనమును వ్యర్థము చేసికొనుచున్నారు.

ఇక పైలట్ జెట్టు. నెలల తరబడి బండిని నిలిపియుంచినచో పెట్రోలు ఆవిరియై జిగురు మిగులును. ఆ జిగురే రంధ్రమును మూయును. ఇప్పటి పెట్రోలులో కలియు ఇథనాలు తేమను పీల్చును గనుక ఫ్లోటు గిన్నె అడుగున నీరు చేరినదేమో చూడవలయును. పెట్రోమాక్సు దీపమును పిన్నుతో పొడుచు అలవాటు గలవారు ఇచ్చట తీగను దూర్పవలదు. రంధ్రము పెద్దదైనచో కొలత చెడును. జెట్టును పెట్రోలుతో కడిగి, గాలి ఊదిన చాలును.

కార్బురేటరును హెడ్డును కలియు చోట ప్యాకింగు చెడినను, బోల్టులు అతిగా బిగించుటచే ఫ్లాంజి వంగినను దొంగగాలి చొచ్చి మిశ్రమమును పలుచన చేయును. దీనిని కనుగొనుటకు కొందరు వేడి యంత్రముపై పెట్రోలు చల్లుదురు. ఇది అగ్నిని పిలుచుటయే. సబ్బునీరు కుంచెతో అతుకు చుట్టు పూసినచో, సందున్న చోట అది లోనికి పీల్చబడి యంత్రపు ధ్వని క్షణకాలము మారును. ఈ పరీక్షలన్నియు ఆరుబయటనే చేయవలయును. పొగలోని కార్బను మోనాక్సైడునకు వాసన లేదు. మూసిన గదిలో అది మనుష్యుని చంపును.

ఇవి యన్నియు సరియైన పిమ్మటనే స్క్రూల వంతు. యంత్రమును బాగుగ వేడెక్కించి, స్లో కొంచెము పెంచి, ఎయిర్ స్క్రూను మెల్లగా లోనికిని వెలుపలికిని త్రిప్పి, యంత్రము మిక్కిలి వడిగా, నిలకడగా తిరుగు చోట విడువవలయును. పిదప స్లో తగ్గించుకొనవలెను. ఎయిర్ స్క్రూ ఎట్లు త్రిప్పినను ధ్వనిలో మార్పు లేకున్నచో పైలట్ మార్గము ఇంకను పూడియున్నదనియో, గాలి చొచ్చుచున్నదనియో యెంచి వెనుకకు పోవలయును. కడపట హ్యాండిలును రెండు ప్రక్కలకును పూర్తిగా త్రిప్పి చూడవలెను. అప్పుడు వడి పెరిగెనేని యాక్సిలరేటరు కేబులు లాగబడుచున్నది. దానికి కొంత సడలింపు నిచ్చి స్లోను మరల సరిచేసికొనవలయును.