ధురంధరులు

కాలం చెల్లిన వాహనాన్ని శ్రద్ధగా కాపాడుకొని, ఏడాదికొకసారి జనం మధ్యకు నడిపించుకొని రావడం అనేక దేశాలలో ఉన్న వేడుక. ఇంగ్లండులో ఏటా నవంబరు మాసంలో లండన్ నుంచి బ్రైటన్ వరకు సాగే యాత్రలో 1905కు పూర్వం తయారైన కార్లకు మాత్రమే ప్రవేశం. యంత్రవాహనాల వేగంపై ఉన్న కట్టడిని 1896లో సడలించినప్పుడు జరిగిన తొలి యాత్రకు అది స్మారకం. మన దేశంలో స్టేట్స్‌మన్ పత్రిక 1964లో ఢిల్లీలో పాతకార్ల ర్యాలీని ప్రారంభించింది. హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదంలో నిజాం ప్రభువుల 1912 నాటి రోల్స్‌రాయిస్‌ను నేటికీ చూడవచ్చు. ఇటువంటి బండ్ల యజమానులకు గెలుపు ముఖ్యం కాదు. నూరేళ్ళనాటి బండి ఇంకా కదలడమే వారి ఆనందం.

కృష్ణా డెల్టా పల్లెలలో రోల్స్‌రాయిస్‌లు లేవు. ఇక్కడి పాతకాలపు వాహనం ఎడ్ల జత. గోల్కొండ రాజ్యపు సరుకులు మచిలీపట్నం రేవుకు చేరి ఓడలకెక్కిన పదిహేడవ శతాబ్దంలో ఆ వర్తకమంతా ఎడ్ల మూపుల మీదనే సాగింది. 1855 నాటికి విజయవాడ వద్ద ఆనకట్ట పూర్తయి, కాలువల వెంట వరిసాగు విస్తరించిన తరువాత ఎడ్ల అవసరం మరింత పెరిగింది. దుక్కి దున్నడం, దమ్ము చేయడం, పనలు మోయడం, కుప్ప నూర్చడం, ధాన్యం బస్తాలను ఇంటికి చేర్చడం, పెండ్లికూతురిని అత్తవారింటికి సాగనంపడం, ఇవన్నీ కాడిమీద నడిచిన పనులే. ట్రాక్టరు వచ్చి ఒక్క తరంలో వీటినన్నింటినీ తన చక్రాల కిందికి తీసుకొన్నది. దివిసీమలో మరొక విషాదం కూడా కలిసింది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో వేలాది మనుషులతోపాటు చావిళ్ళలో కట్టివేసిన పశువులు కట్టుగొయ్యల వద్దనే ప్రాణాలు విడిచాయి.

పొలంలో పని పోయిన ఎద్దుకు మిగిలిన రంగస్థలం బండలాగుడు పందెం. సంక్రాంతి రోజులలోనూ, ఊరి దేవతల తిరునాళ్ళలోనూ ఈ పందేలు జరుగుతాయి. గుడివాడలో జరిగిన ఒంగోలు జాతి ఎడ్ల పోటీలకు ఇతర జిల్లాల నుంచి కూడా రైతులు తమ జతలను లారీలలో ఎక్కించుకొని వచ్చారు. ఎద్దు లారీ ఎక్కి పందేనికి రావడం, కొన్నిచోట్ల గెలిచిన ఎడ్లకు ట్రాక్టరునే బహుమతిగా ఇవ్వడం కాలవైపరీత్యం కాక మరేమిటి!

పందెం తీరు తెలియనివారికి అది కేవలం బలప్రదర్శనగా తోస్తుంది. తెలిసినవారికి అందులో కనిపించేవి వేరు. నేలను చదునుచేసి, కొలిచి, రెండు కొనలలో గీతలు గీస్తారు. టన్ను దాటిన బండకు గొలుసు తగిలించి కాడికి కడతారు. నిర్ణీతమైన నిమిషాలలో ఏ జత ఎక్కువ అడుగుల దూరం లాగితే ఆ జతది గెలుపు. ఎడ్లను పళ్ళను బట్టి విభాగిస్తారు. పశువులకు పైదవడ ముందుభాగంలో పళ్ళుండవు. కిందిదవడలోని పాలపళ్ళు ఊడి, రెండేళ్ళ ప్రాయం దాటిన తరువాత ఒక్కొక్క జతగా శాశ్వతదంతాలు వస్తాయి. అందువల్ల రెండు పళ్ళ విభాగం, నాలుగు పళ్ళ విభాగం, ఆరు పళ్ళ విభాగం అని ఏర్పాటు. జనన ధ్రువపత్రం లేని లోకంలో ఎద్దు నోరే దాని వయసుకు సాక్ష్యం.

చూడవలసిన మొదటి ఘట్టం కదలిక. నిలిచి ఉన్న బండను కదిలించడానికి కావలసిన బలం, కదులుతున్న బండను లాగడానికి కావలసిన బలంకంటే ఎక్కువ. భౌతికశాస్త్ర విద్యార్థులు దీనిని స్థైతిక ఘర్షణగా గుర్తిస్తారు. రెండు ఎడ్లూ ఒకే క్షణంలో మెడ వంచి అడుగు వేస్తేనే బండ కదులుతుంది. ఒకటి ముందు, ఒకటి వెనుక అయితే కాడి వంకరపోయి శ్రమ వృథా అవుతుంది. రెండవ ఘట్టం మలుపు. గీత దగ్గర తిరిగేటప్పుడు లోపలి ఎద్దు దాదాపు నిలిచినచోటనే తిరగాలి, వెలుపలి ఎద్దు పెద్ద చుట్టు చుట్టాలి. దాపట ఎద్దు, వలపట ఎద్దు అని రైతులు ఎడమ కుడి స్థానాలను వేరుచేసి చెప్పడంలో అర్థం ఇక్కడ బోధపడుతుంది. పందేలలో చాలా దూరం ఈ మలుపులలోనే పోతుంది. అరుపులు వినడానికి వెళ్ళిన ప్రేక్షకుడు దీనిని గమనించలేడు.

ఒకమాట. బాధ్యత వహించగల సమర్థుణ్ణి మనం ధురంధరుడు అంటాము. సంస్కృతంలో 'ధుర' అంటే కాడి. కాడిని మోసేది ధురంధరం. ఎద్దు మెడమీది నుంచి ఆ మాట రాజకీయ నాయకుల పేర్ల ముందుకు చేరింది. అక్కడ అది అంత సార్థకంగా ఉన్నదో లేదో విద్యార్థులే నిర్ణయించుకోవచ్చు.

ఈ పందేలలో పాలుపంచుకోవడమంటే చెర్నాకోల పట్టుకోవడమే కాదు. అసలు పని పందెం నాటికి రెండు మూడేళ్ళ ముందే చావిడిలో మొదలవుతుంది. ఈడూ జోడూ కుదిరిన కోడెదూడలను ఎంచడం, నడక కలపడం, ఉలవలు ఉడికించి పెట్టడం, వరికోతల అనంతరం అదే చేలో పెరిగిన పిల్లిపెసర, జనుము మేపడం, గిట్టలు చూచుకోవడం, ప్రతిదినం నడిపించడం. ఇంటిలోని పిల్లవాడి చేతి గడ్డి తిన్న ఎద్దు ఆ పిల్లవాడి గొంతుకే కదులుతుంది. ఆసక్తి ఉన్న యువకుడు రంగంలో గడియారం పట్టుకొని నిమిషాలు లెక్కించవచ్చు, టేపు పట్టి అడుగులు కొలవవచ్చు. గన్నవరంలోని పశువైద్య కళాశాల విద్యార్థికైతే అలసిన ఎద్దు శ్వాసను, మెడమీది ఒరిపిడిని పరీక్షించే పని ఉన్నది.

ఆ పరీక్ష అలంకారప్రాయం కాదు. ఎద్దు తనంత తాను పందేనికి రాలేదు. ముల్లుకర్ర పొడిచి, తోక మెలిపెట్టి సాధించిన అడుగులు ఎద్దు బలానికి కొలత కావు, తోలేవాని క్రౌర్యానికి కొలత. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం దీనిని నేరంగానే పరిగణిస్తున్నది. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టు, ఎడ్లబండి పందేలు దేశంలో ఎక్కడా జరపరాదని తీర్పు చెప్పింది. తరువాత తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్రలు తమ రాష్ట్రాలకు వర్తించేటట్లు చట్టాన్ని సవరించుకొన్నాయి. ఆ సవరణలు చెల్లుతాయని 2023 మే 18న రాజ్యాంగ ధర్మాసనం ప్రకటించింది. అవి ఆ మూడు రాష్ట్రాల సవరణలు. ఆచారమన్న ఒక్కమాట చాలునని మన నిర్వాహకులు అనుకోవడం సరికాదు. కారు ఇంజను వేడెక్కితే ఆపి నీళ్ళు పోస్తాము. నురగలు కక్కుతున్న ప్రాణికి ఆమాత్రం మర్యాద దక్కకపోతే అది వేడుక ఎట్లా అవుతుంది?

పందేలను సమర్థించేవారు తరచుగా చెప్పే మాట, వీటివల్ల ఒంగోలు జాతి నిలుస్తున్నదని. ఇందులో సగం నిజం ఉన్నది. తెల్లని మేను, ఎత్తైన మూపురం, మడతలుగా వేలాడే గంగడోలు గల ఆ జాతి స్వస్థలం కృష్ణకు దక్షిణాన గుండ్లకమ్మ పరిసరాలు. పందెం లేకపోతే లక్షలు వెచ్చించి ఆ గిత్తలను పోషించేవారు అరుదు. కాని జాతిని నిలిపేది గిత్త ఒక్కటే కాదు. దానిని కన్న ఆవుకు పందెంలో విభాగం లేదు, బహుమతి లేదు, దండ లేదు. పాలు ఎక్కువ ఇచ్చే గేదెలు, సంకరజాతి ఆవులు చావిడిని ఆక్రమించిన తరువాత ఒంగోలు ఆవు ఉనికి సన్నగిల్లింది. ఎద్దును చూచి చప్పట్లు కొట్టే ఊరిలో ఆ జాతి ఆవులు ఎన్ని ఉన్నాయో లెక్కించి చూస్తే సమాధానం మనకు సంతోషం కలిగించదు.

పందొమ్మిదవ శతాబ్దం నుంచి ఓడలలో బ్రెజిల్ చేరిన ఇదే జాతికి అక్కడ నెల్లూరు పేరుమీద నెలోర్ అని పేరు వచ్చింది. అక్కడివారు ఆవుల వంశావళిని, ఈతలను, దూడల పెరుగుదలను తరతరాలుగా వ్రాసిపెట్టుకొన్నారు. నేడు ఆ దేశపు మాంసపుపశువులలో అధికభాగం నెలోర్ సంతతే. మన వద్ద 2002లో హైదరాబాదులో జరిగిన జాతీయక్రీడలకు ఒంగోలు గిత్తను 'వీర' అనే పేరుతో చిహ్నంగా నిలిపాము. గుంటూరు సమీపంలోని లాం పశుపరిశోధన కేంద్రంలో మేలైన ఆవుల పిండాలను ఇతర ఆవులలో ప్రవేశపెట్టి దూడలను పుట్టించారు. ఈసారి పందేనికి వెళ్ళే విద్యార్థి, గెలిచిన జత యజమానిని ఎన్ని అడుగులు లాగిందని అడగనక్కరలేదు. ఆ సంగతి మైకులో చెబుతారు. దాని తల్లి ఎవరి చావిడిలో ఉన్నదో, దానికి ఇంకా ఎన్ని దూడలున్నాయో అడిగి పుస్తకంలో వ్రాసుకొంటే ఆ లెక్క మరెవరి దగ్గరా దొరకదు.