కణం చచ్చింది సరే, ఏ జన్యువు మారింది?

ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ, ఎంఫార్మసీ ప్రాజెక్టుల్లో తరచూ కనిపించే వరస ఒకటుంది. ఏదో ఒక ఆకు, దాని ఎక్స్‌ట్రాక్ట్, ఎంసీఎఫ్-7 రొమ్ము క్యాన్సర్ కణాలు, చివర్లో 'క్యాన్సర్‌ను అడ్డుకునే గుణం ఉంది' అన్న ముక్తాయింపు. ఇంటర్వ్యూలో ఎదురయ్యే ప్రశ్న మాత్రం వేరు. కణాలు పెరిగే ప్లేట్లో బ్లీచింగ్ నీళ్లు పోసినా చస్తాయి కదా, మీ ఆకు ప్రత్యేకత ఏమిటి? క్యాన్సర్ మందుల పరిశోధనలోకి వెళ్లాలనుకునేవారు ముందు ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలగాలి.

మొక్కల్లో మందులు లేవని కాదు. మన పెరట్లో పూసే బిళ్లగన్నేరు నుంచే విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్ వచ్చాయి. విన్‌క్రిస్టిన్‌కు అమెరికాలో 1963లో అనుమతి దొరికింది. పిల్లల రక్త క్యాన్సర్‌కు ఇప్పటికీ వాడుతున్నారు. పసిఫిక్ యూ అనే చెట్టు బెరడు ప్యాక్లిటాక్సెల్‌ను ఇచ్చింది. కణం రెండుగా చీలేటప్పుడు క్రోమోజోములను చెరోవైపు లాగడానికి మైక్రోట్యూబ్యూల్స్ అనే సన్నని గొట్టాలను కట్టుకుంటుంది. విన్‌క్రిస్టిన్ ఆ గొట్టాలను కట్టనివ్వదు, ప్యాక్లిటాక్సెల్ కట్టినవాటిని విప్పనివ్వదు. ఎటు చూసినా విభజన ఆగిపోతుంది. ప్యాక్లిటాక్సెల్ నిర్మాణాన్ని వాల్, వాణి బృందం 1971లో ప్రకటించింది. అది పనిచేసే తీరును సూసన్ హార్విట్జ్ 1979లో తేల్చారు. మందుగా అనుమతి 1992లో వచ్చింది. ఈ రంగంలో అడుగుపెట్టేవారు ఆ మూడు సంవత్సరాలనూ గుర్తుంచుకోవాలి. రెండేళ్లలో మందు కనిపెట్టేస్తామనే ఆశ ఇక్కడ పనికిరాదు.

నిజానికి కణాన్ని చంపడం ఒక్కటే దారి కాదు. నా దృష్టిలో ఈ సబ్జెక్టు మొత్తంలో విద్యార్థి తప్పక చదవాల్సిన కథ ఏపీఎల్ అనే రక్త క్యాన్సర్‌ది. 15, 17 క్రోమోజోముల ముక్కలు తారుమారై పీఎంఎల్-రారా అనే అతుకుల ప్రొటీన్ పుడుతుంది. తెల్ల రక్తకణం ఎదగడానికి కావలసిన జన్యువులను అది అణచిపెడుతుంది. దాంతో కణాలు పసితనంలోనే ఆగిపోయి పెరిగిపోతూ ఉంటాయి. విటమిన్ ఎ నుంచి వచ్చే రెటినోయిక్ ఆమ్లాన్ని షాంఘైలో వాంగ్ ఝెన్‌యీ 1985లో అయిదేళ్ల పాపకు ఇచ్చారు. మందు నేరుగా ఆ ప్రొటీన్‌కే అతుక్కుని జన్యువులపై ఉన్న అణచివేతను తొలగించింది. క్యాన్సర్ కణాలు చావడానికి బదులు ఎదిగి మామూలు కణాల దారి పట్టాయి. ఆ తర్వాత చైనా సంప్రదాయ వైద్యంలోని పాషాణం, అంటే ఆర్సెనిక్ ట్రయాక్సైడ్, తోడైంది. అది పీఎంఎల్-రారాను ముక్కలు చేయిస్తుంది. ముప్పు తక్కువగా ఉన్న ఏపీఎల్ రోగులకు ఇప్పుడు మామూలు కీమోథెరపీ లేకుండా ఈ రెండింటితోనే చికిత్స చేస్తున్నారు. ప్రకృతి నుంచి వచ్చిన పదార్థం మందు అయిందంటే కారణం ఇది: ఏ ప్రొటీన్‌ను తాకింది, ఏ జన్యువులు మేల్కొన్నాయి అన్నది తేలింది.

ఇక పసుపులోని కర్క్యుమిన్ సంగతి. ఎన్ఎఫ్-కప్పా-బి అనే ప్రొటీన్ మొదలు ఎన్నెన్నో లక్ష్యాల మీద పనిచేస్తుందని వేల పత్రాలు వచ్చాయి. అయితే అది శరీరంలో నిలవదు. గ్రాముల లెక్కన మింగినా రక్తంలో దొరికేది అత్యల్పం. పైగా అది రంగు పదార్థం, వెలుగు చిమ్ముతుంది, చాలా ప్రొటీన్లకు అంటుకుంటుంది, కాబట్టి ల్యాబ్ పరీక్షలనే తప్పుదారి పట్టిస్తుంది. 2017లో జర్నల్ ఆఫ్ మెడిసినల్ కెమిస్ట్రీలో వచ్చిన ఒక సమీక్ష ఈ విషయాన్ని మొహమాటం లేకుండా చెప్పింది. ప్రాజెక్టు అంశం ఎంచుకునే ముందు ఆ సమీక్ష వెతికి చదవండి. (బంధువుల్లో ఎవరైనా క్యాన్సర్‌కు పసుపు నీళ్లు చాలా అని అడిగితే మాత్రం మీరు డాక్టర్ అవతారం ఎత్తకండి. ఆంకాలజిస్టు దగ్గరికే పంపండి.)

ల్యాబ్‌లో చేయి తిరగడమంటే మాటలు కాదు. ఎంటీటీ పరీక్షలో బతికున్న కణాలు పసుపు రంగును ఊదా రంగుగా మారుస్తాయి. యాంటీఆక్సిడెంట్లున్న ఆకు రసం కణాలు లేకుండానే ఆ పని చేసేయగలదు. అందుకే కణాలు లేని గుంటల్లో కూడా మీ ఎక్స్‌ట్రాక్ట్ వేసి చూడాలి. మందును కరిగించిన డీఎంఎస్‌ఓకు విడిగా కంట్రోల్ పెట్టాలి. మామూలు కణాల మీద కూడా అదే మోతాదు పరీక్షించాలి. కణం చావును నడిపే బ్యాక్స్ జన్యువు పెరిగింది, చావును అడ్డుకునే బీసీఎల్-2 తగ్గింది అని క్యూపీసీఆర్ గ్రాఫ్ పెట్టి ఊరుకుంటే చాలదు. చచ్చిపోతున్న కణంలో వేల జన్యువులు తలకిందులవుతాయి. వాటిలో ఏది కారణం, ఏది పర్యవసానం? 48 గంటల ఫలితం ఒక్కటే చూస్తే ఎన్నటికీ తెలియదు. కణాలు ఇంకా బతికుండగానే, 6 గంటలకే ఆర్ఎన్ఏ తీసి చూడాలి. పోలికకు వాడే జీఏపీడీహెచ్ జన్యువే మందు వల్ల మారుతోందేమో సరిచూడాలి. ప్రొటీన్ స్థాయిలో కూడా మార్పు ఉందని వెస్టర్న్ బ్లాట్‌తో నిలబెట్టాలి. ఇవన్నీ తెలిసినవారు మంచి కాలేజీ పేరు లేకపోయినా ఇంటర్వ్యూలో నిలబడతారు.

చదువుల దారి త్వరగా చెప్పుకుందాం. ఇంటర్ బైపీసీ వారు, ఎంపీసీ వారు కూడా ఈఏపీసెట్ ద్వారా బీఫార్మసీలో చేరవచ్చు. డిగ్రీలో జీవశాస్త్రాలు చదివినవారు పీజీ కోసం ఐఐటీ జామ్, గాట్-బి, సీయూఈటీ-పీజీ రాయవచ్చు. తెలంగాణలో సీపీగెట్, ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ పీజీసెట్ ఉన్నాయి. ఫార్మసీ వారికి జీప్యాట్, నైపర్ జేఈఈ. నైపర్ హైదరాబాద్ బాలానగర్‌లోనే ఉంది. జీప్యాట్ అర్హతతో ఎంఫార్మసీలో చేరితే నెలకు 12,400 రూపాయల స్కాలర్‌షిప్ వస్తుంది. పీహెచ్‌డీకి సీఎస్ఐఆర్-నెట్ లైఫ్ సైన్సెస్ ప్రధానం. 2023 జనవరి నుంచి నెలవారీ ఫెలోషిప్ జేఆర్ఎఫ్‌కు 37,000, ఎస్ఆర్ఎఫ్‌కు 42,000 రూపాయలు. సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ, హైదరాబాద్ విశ్వవిద్యాలయం మనకు దగ్గర్లో ఉన్నాయి. క్యాన్సర్ మీదే ఉండాలనుకుంటే నవీ ముంబైలో టాటా మెమోరియల్ వారి పరిశోధన కేంద్రం యాక్ట్రెక్ ఉంది.

పీహెచ్‌డీ వద్దనుకునేవారికీ చోటుంది. జీనోమ్ వ్యాలీలోని కాంట్రాక్ట్ రిసెర్చ్ కంపెనీల్లో సెల్ కల్చర్ తెలిసినవారు పనికొస్తారు. క్లినికల్ ట్రయల్స్, ఫార్మకోవిజిలెన్స్, పేటెంట్ల పని వేరే దారులు. పేటెంట్ చట్టం బలమేమిటో 2012లో హైదరాబాద్ కంపెనీ నాట్కో చూపించింది. దేశంలో తొలి కంపల్సరీ లైసెన్స్ పొంది, బేయర్ నెలకు దాదాపు 2,80,000 రూపాయలకు అమ్ముతున్న క్యాన్సర్ మందు సొరఫెనిబ్‌ను 8,800కే ఇవ్వగలిగింది. సైన్స్, చట్టం రెండూ తెలిసినవారు అలాంటి చోట కావాలి.

ఖరీదైన ల్యాబ్ లేని కాలేజీలో చదువుతున్నవారికి చివరగా ఒక మాట. మందు వేసిన కణాల్లో ఏ జన్యువు పెరిగింది, ఏది తగ్గింది అన్న డేటా అమెరికాలోని ఎన్‌సీబీఐ వారి జీఈఓ అనే డేటాబేస్ నుంచి ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. ఆర్ భాష, డీఈసెక్2 ప్యాకేజీ కూడా ఉచితమే. ఒక మందును ఎంచుకోండి, ఒక డేటాసెట్ దించుకోండి, ప్రచురితమైన గ్రాఫ్‌ను మీ కంప్యూటర్లో మళ్లీ గీసి చూడండి. ఈ సెలవుల్లోనే మొదలుపెట్టండి.