ఆర్మూరు పెరళ్ళలో అరకేరియా

పసుపు సాగులో ఈ ఏటి లోపమును వచ్చే ఏట సరిదిద్దుకొనవచ్చును. అరకేరియాకు ఆ అవకాశము లేదు. దీని రూపము ఒకసారి చెడిన మరల రాదు.

ఏడాది పొడుగునా పచ్చగా నుండు ఈ సూదిఆకుల వృక్షమును మన ప్రాంతమున క్రిస్మస్ చెట్టు అందురు. దీని పుట్టినిల్లు పసిఫిక్ సముద్రములోని నార్ఫోక్ దీవి. అచ్చట సహజముగా పెరుగు చెట్లు నేడు ముప్పునకు లోనైన జాతుల పట్టికలో నున్నవి. సముద్రపు చల్లగాలికి అలవాటు పడినది గనుక మన వేసవిలో దీనికి శ్రద్ధ అవసరము.

మొక్క ఎంపిక: విత్తనము నుండి పెంచిన మొక్కనే కొనవలెను. పక్కకొమ్మ నాటిన, వేరు పట్టినను నిటారుగా లేవక పక్కకే సాగును. నడిమి చిగురు నిటారుగా నుండి, చుట్టును కొమ్మలు సమముగా నున్న మొక్క మంచిది.

నాటుట: మృగశిర కార్తెలో వానలు పడిన పిమ్మట 2 అడుగుల గుంటలో ఎర్రమట్టి, ఇసుక, చివికిన పశువుల ఎరువు కలిపి నాటవలెను. నల్లరేగడిలో మట్టిని మిట్టగా పోసి నాటవలెను. నీరు నిలిచిన పసుపు దుంపవలెనే దీని వేరును కుళ్ళును.

సంరక్షణ: లేత మొక్కకు పడమటి ఎండ, వడగాలి తగులకుండ తడిక కట్టవలెను. మొదట ఎండుటాకులు పరచి, పైమట్టి ఆరగానే నీరు పోయవలెను. తలచిగురు తుంచరాదు. ఎండి రాలిన కింది కొమ్మ మరల పుట్టదు. కనుక పసుపు ఉడికించు పొయ్యిలకు దూరముగా నాటి, మేకలు రాకుండ కంచె వేయవలెను.

స్థలము: పుట్టినచోట ఇది 150 అడుగులు మించి పెరుగును. ఇంటిగోడకు, కరెంటు తీగలకు దూరముగా నాటవలెను.

మొదట ఒక్క మొక్క నాటుడు. అది రెండు వేసవులు నిలిచిన పిమ్మటనే మరికొన్నింటికి డబ్బు వెచ్చింపుడు.