అగ్నికి ఎదురేగిన కాయకజీవి : లింగైక్యము, శోకము, దాసోహము

కాయకము, లింగైక్యము అను రెండు మాటలు వీరశైవ గృహములందు నిత్యము వినబడుచుండును. మొదటిది బ్రతుకునకు సంబంధించినది. రెండవది బ్రతుకు ముగింపునకు సంబంధించినది. ఈ రెండును ఒక్క క్షణమున కలిసికొను సందర్భములు అరుదుగా వచ్చును. పరుల ప్రాణములను కాపాడుటయే కాయకముగా గలవాడు, ఆ కాయకమునందుండగనే ప్రాణము విడుచుట అట్టి సందర్భము. అగ్నిమాపక దళమున పనిచేయు లింగధారి విధి నిర్వహణమున మరణించినప్పుడు ఆ యింట పుట్టు ప్రశ్నలు సామాన్యమైనవి కావు.

“మనవారికి భూసమాధి గదా! నా బిడ్డను అగ్నియే కాల్చివేసెనే!” అని తల్లి విలపించును. “మెడలోని లింగము కూడ మంటలో పోయినది, ఇక అతనికి ఐక్యమెట్లు?” అని తండ్రి లోలోన కుములును. “ఇది దుర్మరణము గాదా?” అని ఇరుగుపొరుగువారు గుసగుసలాడుదురు. ఆ యిల్లాలు ఏమియు అడుగదు. రేపటి నుండి శుభకార్యములకు తనను పిలుతురో లేదో యని మాత్రము తలపోయును. ఈ నాలుగు ప్రశ్నలకును ధర్మము నుండియే సమాధానము వెదకుట ఈ పాఠము ఉద్దేశము.

1. ఆ వృత్తి ఎట్టిది?

ఇల్లు అంటుకొన్నప్పుడు లోనివారందరును బయటికి పరుగెత్తుదురు. ఆ ద్వారముననే లోనికి పోవువాడు అగ్నిమాపకుడు. అతని ప్రాణము తీయునది మంట యొక్కటియే కాదు. మూసియున్న గదిలో వస్తువులు కాలునప్పుడు పుట్టు కార్బన్ మోనాక్సైడ్ వాయువునకు రంగు లేదు, వాసన లేదు. అది రక్తమున ప్రాణవాయువు ఉండవలసిన చోటును ఆక్రమించి మనిషిని స్పృహ తప్పించును. పొగ పైకెగసి కప్పు క్రింద చేరుటచే నిలుచున్నవానికి దారి కానరాదు. అందుచేతనే అతడు నేలకు వంగి, గోడను తడుముకొనుచు పోవలెను. వేడికి ఇనుప దూలము వంగును; కొయ్య దూలము విరుగును; కప్పు కూలును. లోపల ఏ సిలిండరున్నదో, ఏ రసాయనమున్నదో బయటనున్న వానికి తెలియదు.

1944 ఏప్రిల్ 14వ తేదీన బొంబాయి విక్టోరియా డాక్‌లో నిలిచియున్న ఫోర్ట్ స్టికిన్ అను ఓడలో నిప్పు పుట్టినది. ఆ ఓడలో ప్రత్తి బేళ్లతో పాటు సుమారు 1,400 టన్నుల పేలుడు పదార్థములుండెను. మధ్యాహ్నము నుండి అగ్నిమాపక దళమువారు దానిపై నీరు కుమ్మరించుచునే యుండిరి. సాయంకాలము నాలుగు గంటలు దాటిన కొలది నిమిషములకే ఓడ ప్రేలిపోయెను. ఆ దినమున 66 మంది అగ్నిమాపకులు మరణించిరి. వారి స్మారకముగానే ఏటేట ఏప్రిల్ 14న దేశమంతటను అగ్నిమాపక సేవా దినమును పాటించుచున్నారు. 2015 మే నెలలో అదే నగరమున, కాల్బాదేవిలో ఒక పాత భవనము కాలి కూలినప్పుడు నలుగురు ఉన్నతాధికారులు ప్రాణములు కోల్పోయిరి. పెద్ద పదవిలో నున్నవారు సైతము వెలుపల నిలిచి ఆజ్ఞలిచ్చుటతో సరిపుచ్చుకొనరని ఆ సంఘటనము తెలుపుచున్నది.

2. కాయకమున లింగపూజ

పన్నెండవ శతాబ్దమున కల్యాణ నగరమున బసవేశ్వరుని చుట్టును చేరిన శరణులలో బట్టలుతుకు మాచయ్య యున్నాడు, పడవ నడుపు చౌడయ్య యున్నాడు, చెప్పులు కుట్టువారు, బుట్టలల్లువారు నున్నారు. వారిలో ఎవరును తమ వృత్తిని విడిచి శరణులైనవారు కారు, వృత్తియందే శరణులైనవారు. సత్యముగా చేసిన పనియే పూజ యను ఈ సిద్ధాంతమునకు నులియ చందయ్య చరిత్రము మంచి ఉదాహరణము.

చందయ్య చెరువు గట్టున గడ్డి కోసి, త్రాళ్లు పేని, అమ్మగా వచ్చిన దానితో జంగమ దాసోహము చేయువాడు. ఒకనాడు గడ్డి కోయుచుండగా అతని ఇష్టలింగము జారి నీటిలో పడినదట. చందయ్య పని మానలేదు. లింగమే అతని వెంటబడి తనను మరల ధరింపుమని వేడుకొన్నదట. అతడు వెంటనే ఒప్పుకొనకపోగా మడివాళ మాచయ్య నడుమ నిలిచి సమాధాన పరచెనని శరణ చరిత్రలు చెప్పుచున్నవి. దీని యర్థము లింగమును నిర్లక్ష్యము చేయవచ్చునని కాదు. పరార్థమైన పనిలో మునిగినవానిని లింగము విడువదని, విడిచినట్లు కనబడినను తానే వెదకికొనుచు వచ్చునని దీని తాత్పర్యము.

నీటిలో జారిన లింగమే చందయ్య వెంట వచ్చెననుకొన్నచో, మంటలో పసిబిడ్డ కొరకు చేతులు చాచినవాని ఎదనున్న లింగము అతనిని విడిచి ఎక్కడికి పోవును?

3. శరీరము కాలినది, ఐక్యము కాలదు

వీరశైవ సిద్ధాంతమున లింగము మూడు విధములు. స్థూల శరీరమునకు ఇష్టలింగము, సూక్ష్మ శరీరమునకు ప్రాణలింగము, కారణ శరీరమునకు భావలింగము. అరచేత నిలిపి పూజించునది మొదటిది మాత్రమే. గురువు దీక్షాకాలమున శిష్యుని లోపలి చైతన్యమునే బయటికి తెచ్చి ఇష్టలింగ రూపమున చేతికిచ్చుననియు పెద్దలు వివరింతురు. కనుక నిప్పు తాకగలిగినది స్థూలమునే. ప్రాణలింగమును, భావలింగమును తాకు శక్తి దానికి లేదు.

ఇచట ఒక ఆక్షేపము రావచ్చును. లింగవియోగము ప్రాణవియోగముతో సమానమని ఆచార గ్రంథములు కఠినముగా చెప్పుచున్నవి గదా యని అడుగవచ్చును. ఆ నియమము బ్రతికియున్నవాడు అజాగ్రత్తచే లింగమును పోగొట్టుకొనకుండుటకై ఏర్పడినది. విధి నిర్వహణమున లింగముతో కూడ అగ్నికి చిక్కినవాని విషయమున వియోగమను మాటకే తావు లేదు. లింగము పోయిన పిదప అతడు బ్రతికి యుండలేదు. అతడు బ్రతికియున్నంతవరకు లింగము అతనిని వీడలేదు.

సమాధి విషయము కూడ ఇట్లే. దేహమును శుద్ధి చేసి, విభూతి ధరింపజేసి, కూర్చుండబెట్టి, ఎడమ అరచేత లింగమునుంచి, బిల్వపత్రములతో, విభూతితో సమాధి చేయుట మన సంప్రదాయము. దేహము ఆ స్థితిలో లేనప్పుడు, లభించిన దానినే గురుముఖమున మంత్రపూర్వకముగా సమాధి చేయవలెను. కూర్చుండబెట్టుటకు వీలు కానిచో పరుండబెట్టుట దోషము కాదు. ఆసుపత్రి నుండి కట్టి పంపిన దేహమును, కడచూపు పేరిట విప్పించి తల్లికి, పిల్లలకు చూపుట మాత్రము క్రూరమైన పని. లింగము విషయమున ఏమి చేయవలెనో మఠాధిపతులు నిర్ణయింతురు, బంధువులు వాదులాడరాదు.

4. దుర్మరణమను మాట

బసవాది శరణులు జనన సూతకము, మరణ సూతకము మొదలైన పంచసూతకములను త్రోసిపుచ్చిరి. లింగధారికి మరణము మైల కాదు. మరణమే మైల కానప్పుడు, ఆ మరణము వచ్చిన తీరు మైల యగుటెట్లు? మంచముపై మరణించుట పుణ్యము, మంటలో మరణించుట పాపము అను విభాగము శరణ ధర్మమున లేదు. పూర్వజన్మ కర్మమని, నక్షత్రము మంచిది కాదని, ఇంటికి శాంతి చేయవలెనని చెప్పువారి మాటలు ఆ కుటుంబమునకు రెండవ అగ్ని వంటివి. వానిని ఆ గడప దాటి లోనికి రానీయరాదు.

ఇల్లాలి విషయమున మరియొక మాట చెప్పవలసియున్నది. ఆమె భర్త వలన లింగధారిణి కాలేదు. గురుదీక్ష వలన అయినది. భర్త లింగైక్యుడైనంత మాత్రమున ఆమె నుదుట విభూతి చెరగదు, ఎదనున్న లింగము తొలగదు. లింగమున్నచోట అమంగళము లేదని ఒప్పుకొన్నవారు ఆమెను పెండ్లి పందిరిలో వెనుకకు నెట్టినచో, తాము ఒప్పుకొన్న దానిని తామే కాదనినవారగుదురు. మొదటి శుభకార్యమునకు ఆమెను స్వయముగా పోయి పిలుచుట సమాజములోని పెద్ద ముత్తైదువల విధి.

5. శోకము తప్పా?

లింగైక్యమైనవాని కొరకు ఏడువరాదని కొందరందురు. ఇది సగము సత్యము. అతని గతిని గూర్చి భయపడి ఏడువ పనిలేదు. అతడు లేని ఇంటిని చూచి ఏడ్చుట మానవ ధర్మము. బూట్లు వాకిట నున్నవి, సైకిలు గోడకు చేరబడియున్నది, రాత్రి గంట మ్రోగినప్పుడు ఉలికిపడి లేచు అలవాటు ఇంటిల్లిపాదికిని ఇంకను పోలేదు. కంట నీరు పెట్టిన తల్లికి వేదాంతము చెప్పుట కంటె ప్రక్కన కూర్చుండుట మేలు. ఎట్లు జరిగినది, ఎంతసేపు బాధపడెను అని వివరములు అడుగరాదు. “వీరుని తల్లివి, ఏడువకుము” అని శాసింపను రాదు. అతడు కాపాడినవారు ఎవరైన వచ్చినచో వారిని ఆదరముతో లోనికి పిలువవలెను. అతడు లేని ఇంటికి అతడు చేసిన పని నడచి వచ్చుట అదియే.

అతని సహోద్యోగులను గూర్చి కూడ ఆలోచింపవలెను. చేయి జారిపోయినవాడు తమ ప్రక్కవాడే యను బాధ వారిని లోలోన తినివేయుచుండును. మరునాడే మరియొక మంటకు వారు పోవలెను. గణారాధన దినమున కులమత భేదము లేక వారందరిని పిలిచి పంక్తిలో కూర్చుండబెట్టుట బసవ మార్గము.

6. మాట కాదు, దాసోహము

ఐదవ నాటికి బంధువులు వెడలిపోవుదురు. పత్రికలలో ఫోటో పాతబడును. అసలు కష్టము అప్పుడు మొదలగును. కావున సమాజమువారు మూడు పనులు చేయవలెను.

మొదటిది, కాగితముల పని. మరణ ధ్రువీకరణ పత్రము, వారసుల ధ్రువీకరణ పత్రము, సేవా పుస్తకము, కుటుంబమునకు రావలసిన పింఛను, పరిహారము, కారుణ్య నియామకపు దరఖాస్తు : వీని కొరకు కార్యాలయముల చుట్టు తిరుగుటకు అక్షరజ్ఞానము గల యువకు నొకనిని నియమింపవలెను. రెండవది, పిల్లల చదువు. మఠముల విద్యార్థి వసతి గృహములు ఇట్టివారి కొరకే గదా యున్నవి. ఇచ్చునది దానమని చెప్పరాదు. దాసోహమున ఇచ్చువానికి అహంకారము, పుచ్చుకొనువానికి న్యూనత ఉండరాదు.

మూడవది, మిగిలిన అగ్నిమాపకుల ప్రాణములు కాపాడుట. నిప్పు పుట్టని చోట ఏ అగ్నిమాపకుడును మరణింపడు. మన మఠములలో వేలమందికి అన్నము వండు వంటశాలలున్నవి. జాతరలలో తాటాకు పందిళ్లు, గుడారములు వేయుదుము. 2004 జూలై 16న కుంభకోణములోని ఒక పాఠశాలలో వంటశాల నుండి లేచిన నిప్పు ఆకు కప్పునకు ప్రాకి 94 మంది పిల్లలను బలిగొన్నది. వంటశాలపై, ప్రక్కన ఆకు కప్పులుండరాదు. వసతి గృహములకు రెండు ద్వారములుండవలెను. రాత్రివేళ వానిలో నేదియు తాళము వేసి మూయరాదు. నిప్పునార్పు పరికరములు, ఇసుక బకెట్లు అందుబాటులో నుండవలెను. శకటము లోనికి వచ్చు దారిలో అంగళ్లు పెట్టనీయరాదు. 101 సంఖ్యకు వినోదార్థము ఫోను చేయుట పాపమని పిల్లలకు నేర్పవలెను. మరణించినవానికి పూలమాల వేసి, మఠపు వంటశాలపై తాటాకు కప్పునట్లే యుంచుట శోకము కాదు, నటన.

7. ఉపసంహారము

ఆ తల్లి ప్రశ్నకు తిరిగి రావలెను. అగ్ని ఆమె బిడ్డను వెదకికొనుచు రాలేదు. లోపల ఎవరో పిలిచినందున అతడే అగ్నిలోనికి పోయెను. పోవునప్పుడు విభూతి అతని నుదుట నుండెను, లింగము ఎదనుండెను, కాయకము చేతనుండెను. ఆ మూడును కూడియున్న చోటునుండియే అతడు ఐక్యమయ్యెను. మిగిలిన భూమికార్యము సమాజము చేతిలోనిది. అతని ఇంట దీపము ఆరకుండ చూచుటయే అది.

మననము చేయవలసిన ప్రశ్నలు

1. నులియ చందయ్య చరిత్రము కాయకమును గూర్చి ఏమి బోధించుచున్నది?
2. మూడు లింగములలో అగ్ని తాకగలిగినది ఏది? ఏల?
3. మరణ సూతకమును కాదన్నవారు దుర్మరణమను మాటను ఏల అంగీకరింపరాదు?
4. మీ ఊరి మఠపు వంటశాలకును, వసతి గృహమునకును ఎన్ని ద్వారములున్నవి? స్వయముగా పోయి లెక్కించి, లోపమున్నచో పెద్దలకు తెలుపుడు.