రాణిచీమను గుర్తించు విధము

మన పావగడ తాలూకా మెట్టభూములకును, రాతిగుట్టలకును పేరుపడినది. మూడు వైపుల ఆంధ్రదేశపు పొలిమేరలు గల ఈ సీమలో వానలు తక్కువ. అందుచేత వాన కురిసిన దినము రైతునకే గాక చీమలకును పండుగయే. వర్షము వెలిసిన సాయంకాలమున ఱెక్కల చీమలు గుంపులుగా కన్నములు వెడలి ఆకాశమున కెగయును. మరునాడు పిల్లలు ఱెక్కలు రాలిన పెద్ద చీమ నొకదానిని అగ్గిపెట్టెలో పెట్టి తెచ్చి, “ఇది ఏ చీమ?” అని అడుగుదురు. పెద్దలు ఇంటిలోనే వారికి సమాధానము చూపగలుగుటకై ఈ పాఠమును వ్రాయుచున్నాము. ఇందుకు వలసిన సాధనములు ఒక భూతద్దము, కొంచెము ఓర్పు మాత్రమే.

1. అది చీమయేనా?

వానకు దీపముచుట్టు మూగు ఉసుళ్ళు చీమలు కావు. అవి ఱెక్కలు వచ్చిన చెదపురుగులు. ఉసుళ్ళకు నాలుగు ఱెక్కలును ఒకే పొడవున నుండును, నడుము సన్నగిల్లదు, తలపైనున్న స్పర్శశృంగములు పూసలదండవలె నుండును. చీమకు ముందు ఱెక్కలు పెద్దవి, వెనుకవి చిన్నవి, నడుము సన్నము, స్పర్శశృంగము మోచేయివలె మడతపడి యుండును. మన పొలములలో కనబడు ఎత్తైన మట్టిపుట్టలు చాలవరకు చెదలు కట్టినవే గాని చీమలు కట్టినవి కావని కూడ పిల్లలకు చెప్పవచ్చును.

2. అది రాణియేనా?

పెద్దదైనంత మాత్రమున చీమ రాణి కాదు. గండుచీమలలో పెద్దతల గల కూలిచీమలును కలవు. తలను గాక వక్షమును చూడవలెను. రాణికి ఎగురుటకు వలసిన కండలుండుటచే వక్షము ఉబ్బి, పలకలు పలకలుగా నుండును. ఱెక్కలు రాలినచోట ఇరుప్రక్కల చిన్న మచ్చలు కనబడును. కూలిచీమ కీ గుర్తులు లేవు.

మఱియొక భ్రమ కలదు. వానకాలపు రాత్రులయందు ఎఱ్ఱగోధుమవర్ణము, పొడవైన నూగుపొట్ట గల ఒక పెద్ద ఱెక్కలపురుగు దీపమునకు వచ్చును. దానిని కందిరీగ యనియో, రాణిచీమ యనియో పలువు రనుకొందురు. అది డోరైలస్ అను చీమలోని మగది. ఆ చీమలలో రాణికి ఎన్నడును ఱెక్కలు రావు. వేరుసెనగకాయలను భూమిలోనే తొలుచు చీమ ఈ వర్గములోనిదే.

3. నడుముకణుపు

రాణి యని తేలిన పిదప వక్షమునకును పొట్టకును నడుమనున్న కణుపులను లెక్కింపవలెను. ఇదియే ముఖ్యమైన పరీక్ష.

కణుపు ఒకటియే యుండి, పొట్టచివర నూగుతో చుట్టబడిన గుండ్రని రంధ్రమున్నచో అది కాంపోనోటస్ మొదలగు చీమల కుటుంబము. ఇవి కుట్టవు, ఫార్మిక్ ఆమ్లమును చిమ్మును. నల్లగా, ఒకటిన్నర సెంటీమీటరు వరకో అంతకు మించియో యుండు మన గండుచీమ రాణి కాంపోనోటస్ కంప్రెస్సస్ కావచ్చును. పొట్టపై బంగారువన్నె నూగు మెఱసినచో కాంపోనోటస్ సెరీషియస్ అని తలపవచ్చును. చెట్ల ఆకులను కుట్టి గూడు కట్టు చీమ రాణి కొంచెము ఆకుపచ్చగా నుండును.

కణుపు ఒకటియే యుండి, పొట్ట మొదటి భాగము తరువాత నొక్కు కనబడి, కొండి యున్నచో అది వేటచీమల వర్గము. ఎగిరిదూకు హార్పెగ్నాథస్ సాల్టేటర్ ఇందులోనిదే. ఈ వర్గమందలి డయాకమ్మాకు రాణి యను ప్రత్యేక రూపమే లేదు. కూలిచీమలలో ఒకటి జతకూడి గ్రుడ్లు పెట్టును.

కణుపులు రెండున్నచో మఱియొక పెద్ద వర్గము. పొట్ట హృదయాకారముగ నుండి, దానిని వీపుపైకి ఎత్తునది క్రిమాటోగాస్టర్. స్పర్శశృంగము చివర రెండు కణుపుల గద గలది సోలెనాప్సిస్. మూడు కణుపుల గదయు, వక్షము వెనుక ముళ్ళును గలది సామాన్యముగ ఫైడోలె. సోలెనాప్సిస్ జెమినేటా అను మంటచీమ అమెరికా ఖండమునుండి వచ్చి మన దేశమున స్థిరపడినది. చెట్లపై తిరుగు టెట్రాపోనెరా రూఫోనైగ్రాకును కణుపులు రెండే. నలుపు ఎఱుపు కలిసిన ఈ చీమ కాటు మిక్కిలి బాధాకరము. చీమలను పిల్లలు వట్టి చేతితో పట్టరాదు. కుట్టిన పిదప ఊపిరాడకున్నను, ముఖము వాచినను తడవు చేయక వైద్యశాలకు గొనిపోవలెను.

4. పేరు పెట్టుటకు తొందర వలదు

ఈ పరీక్షలచే చీమ ఏ ప్రజాతిలోనిదో తెలియును. ఏ జాతిదో పలుమార్లు తెలియదు. 2016లో ప్రచురింపబడిన పట్టికలో భారతదేశపు చీమల జాతులు, ఉపజాతులు కలిసి 828 గలవు. గుర్తింపు పట్టికలలో పెక్కులు కూలిచీమలను చూచి వ్రాసినవి. కావున రాణికి పిల్లలు కలుగువరకు వేచియుండుట ఉత్తమము. నెల్లూరున వైద్యుడుగా పనిచేసిన జెర్డను దొర 1851లో దక్షిణ భారతపు చీమల పట్టికను ప్రకటించెను. పైని చెప్పిన దూకుడుచీమకును, చెట్టుచీమకును శాస్త్రనామములు పెట్టినవా డాయనయే. ఓర్పుతో చూచుటవలననే అట్టి పని సాధ్యమయ్యెను.

పేరు తప్పినచో నష్ట మేమని అడుగవచ్చును. నష్టము చీమ ప్రాణమునకే. గండుచీమ రాణి తన ఱెక్కల కండలను కరగించుకొనియే తొలి సంతానమును పెంచును. దానికి ఆహారము వలదు, చీకటియు నిశ్శబ్దమును వలయును. మాటిమాటికి తెఱచి చూచినచో గ్రుడ్లను తానే తినివేయవచ్చును. వేటచీమలలో పెక్కింటి రాణి అట్లు కాదు. బయటికి వచ్చి వేటాడినగాని బ్రదుకదు. మొదటిదానిని కదల్చుటయు, రెండవదానిని మాడ్చుటయు ఒకే తప్పునకు రెండు ఫలములు.

పెంపదలచినవారు గాజు గొట్టములో కొంచెము నీరు పోసి, దూదితో బిగించి, పొడిభాగమున రాణి నుంచి, మూతిని మఱియొక దూదితో మూసి చీకటిలో పెట్టవలెను. పెంచు వీలు లేనివారు భూతద్దముతో చూచి, బొమ్మ గీసికొని, పట్టిన తావుననే విడుచుట మంచిది. ఆ ఒక్క రాణితో ఒక సంసారమంతయు ముడిపడి యున్నది.

బొమ్మ ప్రక్కన తేదిని, ఊరిని, వాన కురిసిన సమయమును పిల్లలచే వ్రాయింపుడు. వాని క్రింద ఇంటిలో పలుకు ‘గండుచీమ’, సంతలో వినబడు ‘కట్టిరువె’, శాస్త్రజ్ఞుల ‘కాంపోనోటస్’ అను మూడు పేర్లను వ్రాయింపుడు. రెండు భాషల నడుమ పెరుగు మన పిల్లలకు ఒకే ప్రాణికి పెక్కు పేర్లుండుట వింత కాదు. ఏ పేరును విడువక, ఏ పేరును ఋజువు లేక పెట్టక యుండుటయే వారికి మనము నేర్పవలసిన పాఠము.